ఒరిజినల్సూ, రెండు సెట్ల జిరాక్సులూ

మన విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లలో ఈమధ్య ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తోంది: ప్రవేశ ప్రక్రియ అంతా ఆన్‌లైన్. చదవగానే ప్రాణం లేచొస్తుంది. అదే ఊపులో కిందికి వస్తే రెండో వాక్యం తగులుతుంది: ఆన్‌లైన్‌లో నింపిన దరఖాస్తును ప్రింటు తీసుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లతో, రెండు సెట్ల జిరాక్సులతో అభ్యర్థి స్వయంగా హాజరు కావాలి. కాగితం ఎక్కడికీ పోలేదు. దాన్ని నింపే పని, ప్రింటు తీసే ఖర్చు మాత్రం ఆఫీసు నుంచి అభ్యర్థికి బదిలీ అయ్యాయి. దీన్ని డిజిటల్ విప్లవమని అధికారులు అంటున్నారు. క్యాంపస్ గేటు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్నాయనా అదే అంటాడు, కాకపోతే ఆయన మాటకు లెక్కలున్నాయి.

పీహెచ్‌డీలో చేరబోయే ఒక అమ్మాయిని తీసుకోండి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, పీజీ దాటింది. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ కొట్టింది. ఇంటర్వ్యూలో ఆరుగురు ప్రొఫెసర్ల ముందు కూర్చుని సీటు తెచ్చుకుంది. ఆమె చదవగలదని దేశం మొత్తానికీ తేలిపోయింది. ఇక తేలాల్సిందల్లా ఆమె ఉందా లేదా అన్నదే. ఎదురుగా నిలబడి ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు. నిలబడినట్టు కాగితం ఉండాలి.

మొదట టీసీ అడుగుతారు. చదివిన కాలేజీని వదిలి వచ్చానని చెప్పే కాగితం అది. అందులో ప్రవర్తన అనే గడి ఒకటుంటుంది. ఆమెను ఏనాడూ చూడని గుమాస్తా అందులో ‘సంతృప్తికరం’ అని రాసి ఉంటాడు. పక్కవాడికీ అదే రాశాడు, ప్రిన్సిపాల్ అద్దాలు పగలగొట్టినవాడికీ అదే రాశాడు. తర్వాత మైగ్రేషన్. ఇది ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకో విశ్వవిద్యాలయానికి వలస పోవడానికి అనుమతి. పాలమూరు నుంచి ముంబయికి వలస పోయిన కూలీని ఏ ప్రభుత్వమూ ఇప్పటిదాకా ఈ కాగితం అడగలేదు. హైదరాబాద్‌లోనే తార్నాకలోని ఉస్మానియా నుంచి గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పోయే స్కాలరు మాత్రం ఇది లేకుండా కదలకూడదు. ఆ మైగ్రేషన్ రావాలంటే నో డ్యూస్ కావాలి. నో డ్యూస్ రావాలంటే లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్, ఆటల విభాగం, ఎన్‌ఎస్‌ఎస్ అన్నీ సంతకాలు పెట్టాలి. బంతి రంగేమిటో కూడా తెలియని తెలుగు ఎమ్మే విద్యార్థి, తాను క్రికెట్ కిట్ ఎత్తుకుపోలేదని వ్యాయామ విద్య డైరెక్టరుతో రాయించుకోవాలి. ఆ డైరెక్టరు ఎప్పుడు చూసినా గ్రౌండ్‌లో ఉంటాడు. గ్రౌండ్ ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటుంది.

దీని పక్కనే గ్యాప్ సర్టిఫికెట్. పీజీకీ పీహెచ్‌డీకీ మధ్య రెండేళ్ల ఖాళీ ఉంటే, ఆ రెండేళ్లూ ఎక్కడా చదవలేదని స్టాంపు కాగితం మీద నోటరీ ముందు ప్రమాణం చేయాలి. ఏమీ చేయలేదని రుజువు చేయడానికి చాలా చేయాలి. అసలు ఆ ఖాళీ ఎందుకు వచ్చిందంటే, మన విశ్వవిద్యాలయాల్లో కొన్ని పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఏళ్ల తరబడి ఇవ్వవు గనక. నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన పిల్ల, ఆ ఎదురుచూపులకు సంజాయిషీ కూడా తనే రాసుకోవాలి. న్యాయానికైతే ఆ అఫిడవిట్ రిజిస్ట్రార్ గారు ఇవ్వాలి: ‘ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా మేమే నిద్రపోయామని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది’.

అన్నిటికీ మించినది కస్టోడియన్ సర్టిఫికెట్. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకో కాలేజీ బీరువాలో ఉన్నాయని ఆ కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్ ఇది. సర్టిఫికెట్లకే సర్టిఫికెట్. దీన్ని కనిపెట్టినవారెవరో తెలియదు గాని, అద్వైతంలో గట్టి పునాది ఉన్న మనిషే అయ్యుండాలి.

ఇక స్థానికత సంగతి. రాజ్యాంగంలోని 371డి అధికరణం, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మన ప్రాంతపు పిల్లలకు 85 శాతం సీట్లు కాపాడాయి. అది మంచి పనే, దాంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా రుజువు చేసే పద్ధతితోనే. ఇరవై అయిదేళ్ల మనిషి పరిశోధన చేయడానికి వస్తే, ఆరో తరగతి ఏ ఊళ్లో చదివావో కాగితం చూపమంటారు. ఆ బడి మూతపడి ఉంటుంది, లేదా పక్క ఊరి బడిలో కలిసిపోయి ఉంటుంది. హెడ్మాస్టరు రిటైరై మనవళ్లకు ఎక్కాలు చెప్పుకుంటూ ఉంటారు. పోనీ ఈ కాగితాలు ఇదివరకు ఎవరూ చూడలేదా అంటే, తెలంగాణలో డిగ్రీలో చేరినప్పుడు దోస్త్ అనే ప్రవేశ పోర్టల్ వాళ్లు చూశారు, పీజీలో చేరినప్పుడు సీపీగెట్ అనే ప్రవేశ పరీక్ష వాళ్లు చూశారు. సీపీగెట్ నిర్వహించేది ఉస్మానియానే. అదే ఉస్మానియాలో పీహెచ్‌డీకి వస్తే మళ్లీ ఆరో తరగతి నుంచి మొదలు. తాను ఇచ్చిన పీజీ మెమోను కూడా తానే ఎత్తి పట్టుకుని వెలుతుర్లో చూసే విశ్వవిద్యాలయానికి తన మీద తనకున్న నమ్మకం ఎంతో అర్థం చేసుకోవచ్చు.

నిబంధనలు లేవా అంటే బోలెడున్నాయి. జిరాక్సుల మీద గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం అక్కర్లేదు, అభ్యర్థి స్వయంగా ధ్రువీకరిస్తే చాలని 2014లోనే కేంద్రం అన్ని శాఖలకూ చెప్పింది. 2015లో డిజీలాకర్ వచ్చింది. అందులోని పత్రం ఒరిజినల్‌తో సమానమని 2017లో నిబంధన వచ్చింది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చి, ప్రతి విద్యార్థికీ 12 అంకెల సంఖ్య ఇచ్చింది. ఆ సంఖ్యను నొక్కితే మార్కులన్నీ తెర మీదికొస్తాయి. మరి మన అడ్మిషన్ సెక్షన్‌లో ఏం చేస్తారు? ఆ తెరను ప్రింటు తీసి, రెండు సెట్లు జతచేయమంటారు. ఫోన్‌లో డిజీలాకర్ తెరిచి చూపిస్తే సూపరింటెండెంట్ గారు కళ్లజోడు సవరించుకుని, ‘అది సరేనమ్మా, ఒరిజినల్ ఏదీ?’ అంటారు. ప్రభుత్వం దాచినదాన్ని ప్రభుత్వమే నమ్మకపోతే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని కథే.

ర్యాగింగ్ వ్యతిరేక హామీపత్రం మరో ఘట్టం. ర్యాగింగ్‌ను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే దాని మీద చట్టం చేసింది, యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్లాణ్ని హాస్టల్‌కు పంపే తండ్రి చేత సంతకం పెట్టించడంలో అర్థముంది. పీహెచ్‌డీ స్కాలరు విషయంలో ఆ సంతకం ఎలా ఉంటుందో ఊహించండి. ముప్పై రెండేళ్ల లెక్చరరు, పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఆయన తండ్రి, డెబ్భై దాటిన రైతు, పొలం పని ఆపి ఫోన్ ఎత్తి ఓటీపీ చదవాలి: మా వాడు జూనియర్ల చేత గోడ కుర్చీ వేయించడని హామీ ఇస్తున్నాను. పెద్దాయనకు ఆ వాక్యంలో ఒక్క ముక్కా అర్థం కాదు. ‘ఏరా, ఈ వయసులో ఏం చేశావురా?’ అని మాత్రం అడుగుతాడు.

కాగితాలన్నీ చేరాయనుకోండి, జాయినింగ్ రిపోర్టు అనే యాత్ర మొదలవుతుంది. గైడు సంతకం, హెచ్ఓడీ సంతకం, డీన్ సంతకం, తర్వాత సెక్షన్. గైడు సెమినార్‌కు వెళ్లి ఉంటారు. ఆయన వచ్చేసరికి హెచ్ఓడీ మారి ఉంటారు. డీన్‌కు ఇన్‌ఛార్జి బాధ్యతలు ఉంటాయి గాని సంతకం చేసే అధికారం ఉందో లేదో ఆయనకే సందేహం. ఇన్‌వార్డ్‌లో నంబరు వేయించుకుంటే సెక్షన్‌లో ‘మా దగ్గరికి రాలేదు’ అంటారు. వచ్చాక ‘ఫైలు పుటప్ చేశాం’ అంటారు. పుటప్ చేసిన ఫైలు ఎటు పోతుందో, ఎన్ని రోజులు పోతుందో చెప్పే సిద్ధాంతం భౌతికశాస్త్ర విభాగంలో కూడా లేదు. దరఖాస్తులో పరిశోధనాంశం అనే గడి ఉంటుంది, గైడు పేరు అనే గడి ఉంటుంది, కొన్నిచోట్ల ఈ రెండూ కేటాయించకముందే నింపాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ప్రతి ఫారంలోనూ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, చిరునామా. అడ్మిషన్‌కు ఒకసారి, హాస్టల్‌కు ఒకసారి, లైబ్రరీకి ఒకసారి, గుర్తింపు కార్డుకు ఒకసారి, ఫెలోషిప్‌కు ఒకసారి. యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిబంధనల ప్రకారం థీసిస్‌లో పది శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. ఈ ఫారాలన్నిటినీ పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పోలిక నూటికి నూరు శాతం వస్తుంది. ఆ లెక్కన విశ్వవిద్యాలయ కార్యాలయం రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దు కావాలి.

హాస్టల్ అధ్యాయం చిన్నదే, ఎందుకంటే గదులు కొన్నే. హాస్టల్ వస్తే ఇంటి అద్దె భత్యం రాదు. రాకపోతే భత్యం వస్తుంది. కాని హాస్టల్ ఇవ్వలేదని విశ్వవిద్యాలయం రాసివ్వాలి. రాసివ్వమంటే ‘లేదని ఎలా రాస్తాం, వెయిటింగ్ లిస్టులో ఉన్నారుగా’ అంటారు. దాంతో మన పీహెచ్‌డీ అమ్మాయి గదీ లేక, భత్యమూ రాక, సీనియర్ అక్క మంచం పక్కన చాప పరుచుకుంటుంది. సీనియర్ అక్కలే లేకపోతే మన క్యాంపసుల్లో పరిశోధన అనేది మొదలయ్యేది కాదు. ఏ సెక్షన్‌లో ఏ బల్ల దగ్గర ఏ పూట ఎవరుంటారో, ఏ కాగితానికి ముందు ఏ కాగితం కావాలో వాళ్లకు తెలిసినంతగా ఏ ప్రాస్పెక్టస్‌కూ తెలియదు. ఆ జ్ఞానానికి ఒక్క క్రెడిట్ కూడా ఇవ్వరు.

ఇన్ని చేసేది ఫెలోషిప్ కోసమే కదా అంటారా. జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000. కాగితం మీద గౌరవమైన మొత్తమే. అది చేతికి రావడానికి కెనరా బ్యాంకు పోర్టల్‌లో విశ్వవిద్యాలయం తరఫున ఒకరు మేకర్, ఇంకొకరు చెకర్ ఉంటారు. మేకర్ ప్రతినెలా ఈ అమ్మాయి ఉందని రాయాలి, చెకర్ అవునని నొక్కాలి. మేకర్ సెలవులో ఉంటే ఆ నెల ఆమె లేదు. చెకర్ పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ త్రైమాసికమంతా ఆమె లేదు. లైబ్రరీలో కూర్చుని చదువుకుంటున్నా సరే, లేదు. ఈలోగా బతకడానికి పార్ట్ టైమ్ పాఠాలు చెప్పుకుందామంటే ఫెలోషిప్ నిబంధన ఒప్పుకోదు, వేరే ఆదాయం ఉండకూడదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇది జేఆర్‌ఎఫ్ వచ్చిన అదృష్టవంతుల సంగతి. రానివాళ్లకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000. 2015లో దాన్నీ ఎత్తేయబోతే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు బైఠాయించి నిలబెట్టుకున్నారు. అప్పటి ఎనిమిది వేలే ఇప్పటికీ నడుస్తోంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరిన చాలామందికి ఆ ఎనిమిది వేలు కూడా లేవు, వాళ్ల కాగితాలు మాత్రం అన్నే.

నవ్వడానికి ఇక్కడిదాకా బాగానే ఉంది. ఒరిజినల్స్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. యూజీసీ 2018 అక్టోబరులో తేల్చి చెప్పింది: విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లను దగ్గర పెట్టుకోకూడదు. చేరే రోజున విద్యార్థి ఎదుటే సరిచూసి అప్పుడే తిరిగి ఇచ్చేయాలి. సర్టిఫికెట్ తాకట్టు వస్తువు కాదని హైకోర్టులు పదేపదే చెప్పాయి. అయినా మన రెండు రాష్ట్రాల్లోనూ ఒరిజినల్స్ కాలేజీ బీరువాల్లోనే ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదు కాబట్టి సర్టిఫికెట్లు ఇవ్వం అని కాలేజీ అంటుంది. సొమ్ము విడుదల చేస్తున్నాం కాబట్టి ఇచ్చేయండి అని ప్రభుత్వం పత్రికల్లో ప్రకటిస్తుంది. బకాయిపడింది ప్రభుత్వం. రావాల్సింది కాలేజీకి. తాకట్టులో ఉన్నది మాత్రం దళిత, గిరిజన, బీసీ, మైనారిటీ, పేద ఇంటి పిల్లల చదువు. ఫీజు సొంతంగా కట్టుకున్నవాడికి టీసీ ఆ పూటే వస్తుంది. ప్రభుత్వాన్ని నమ్మి చదివినవాడు అప్పు చేసి ఫీజు కట్టి, సర్టిఫికెట్లు విడిపించుకుని, సీటు గడువులోపు పరుగెత్తాలి. గడువు దాటితే ఆ సీటు ఇంకొకరిది. ప్రవేశ పరీక్షలో ఓడిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్ల లెక్క పోర్టల్‌లో ఉంటుంది, బీరువా తాళం దగ్గర ఓడిపోయినవాళ్ల లెక్క ఎవరూ రాయరు.

ఇంతా విని సెక్షన్‌వారు ఒక మాట అంటారు: ‘దొంగ సర్టిఫికెట్లు ఎన్ని వస్తున్నాయో మీకేం తెలుసు?’ నిజమే, వస్తున్నాయి. హైదరాబాద్ పోలీసులు ఏటా ముఠాల్ని పట్టుకుంటూనే ఉన్నారు. కాని దొంగ సర్టిఫికెట్ తయారుచేసేవాడికి రెండు సెట్ల జిరాక్సు ఒక లెక్కా? వాడు పది సెట్లు ఇస్తాడు, గెజిటెడ్ ముద్ర కూడా వాడి దగ్గరే ఉంటుంది. టీసీ నీటుగా, మైగ్రేషన్ మడతపడకుండా, నో డ్యూస్ మీద అన్ని సంతకాలతో సహా తెచ్చేది వాడొక్కడే. దొంగ దొరికేది డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయాన్ని నేరుగా అడిగినప్పుడు, డిజీలాకర్ లాంటి డిపాజిటరీలో సంఖ్య కొట్టి చూసినప్పుడు. అంటే ఆఫీసు తాను చేయాల్సిన పని చేసినప్పుడు. ఎండలో క్యూ నిలబెట్టడం వల్ల దొరికేది వడదెబ్బ ఒక్కటే.

అసలు రోగం ఎక్కడుందంటే, ఈ కాగితాలు ఎవరూ చదవడానికి అడగరు. రేపు ఆడిట్ వస్తే, ఎల్లుండి కోర్టు కేసు పడితే, సంతకం పెట్టినవాడు ‘ఫైల్లో అన్నీ ఉన్నాయండీ’ అని చెప్పుకోవడానికి అడుగుతారు. ఒక కాగితం ఎక్కువైతే అడిగేవాడు లేడు, తక్కువైతే పింఛను ఆగుతుంది. కాబట్టి ప్రతి సర్క్యులరూ ఒక కాగితాన్ని కలుపుతుంది, ఏ సర్క్యులరూ ఒక్కదాన్నీ తీసేయదు. బల్ల అవతల కూర్చున్న గుమాస్తాను తిట్టి లాభం లేదు. ఆయన చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, ముగ్గురి పని ఒక్కడే చేస్తున్నాడు, ఆయన జీతమూ ఏ మేకరో చెకరో నొక్కితేనే పడుతుంది. తిట్టాల్సింది, ఒకే సంస్థలోని రెండు బీరువాల మధ్య విద్యార్థిని కూలీగా పెట్టుకున్న పద్ధతిని. పరీక్షల విభాగంలో ఉన్న కాగితాన్ని పరిశోధన విభాగానికి మోయడానికి జీతం లేని మనిషి దొరికాక, రెండిటి కంప్యూటర్లనూ కలుపుతూ తీగ వేసేదెవరు?

అయినా పద్ధతి మారాలని ప్రాధేయపడటం దండగ. విశ్వవిద్యాలయానికి కాగితాల మీద అంత మమకారం ఉంటే ఆ భాషలోనే మాట్లాడదాం. ఇకనుంచి స్కాలరు చేరే రోజున విశ్వవిద్యాలయం కూడా ఆమెకు కొన్ని పత్రాలు సమర్పించాలి. జాబితా ఇదిగో.

ఒకటి, అధ్యాపక గ్యాప్ సర్టిఫికెట్. ప్రొఫెసరుకు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లని 2022 పీహెచ్‌డీ నిబంధనలు పరిమితి పెట్టాయి. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సగానికి పైగా బోధనా పోస్టులు ఖాళీ. ఆంధ్రప్రదేశ్ 2023లో ఒక్కసారే 3,220 పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వాల్సి వచ్చిందంటే అక్కడి ఖాళీలెన్నో తెలుస్తూనే ఉంది. విభాగంలో కుర్చీలు ఎప్పటినుంచి, ఎందుకు ఖాళీగా ఉన్నాయో స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసివ్వాలి.

రెండు, నో డ్యూస్ సర్టిఫికెట్. పాత స్కాలర్లకు ఫెలోషిప్ బకాయి, కంటింజెన్సీ బకాయి ఏదీ లేదని ఆర్థిక విభాగం సంతకంతో.

మూడు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్. హాస్టల్ పైకప్పుకు, మెస్ వంటగదికి, ల్యాబ్‌లోని పరికరాలకు. సివిల్ సర్జన్ అక్కర్లేదు, ఇంజినీరు సంతకం సరిపోతుంది.

నాలుగు, కాండక్ట్ సర్టిఫికెట్. గైడు స్కాలరు చేత ఇంటి సామాన్లు మోయించరని, తన పేపరు ఆమె చేత రాయించి మొదటి పేరు తనది వేసుకోరని, విభాగాధిపతి హామీతో.

అయిదు, హామీపత్రం. మూడు నుంచి ఆరేళ్లలో పూర్తి కావాల్సిన పీహెచ్‌డీలో ఎన్ని నెలలు ఫైళ్ల వెంట తిరగడానికి పోతాయో, ఆ నెలలన్నీ గడువుకు కలుపుతామని.

ఇవి లేకుండా వస్తే స్కాలరు లంచ్ తర్వాత రమ్మంటుంది. లంచ్ తర్వాత వస్తే సర్వర్ డౌన్ అంటుంది. ఏ కాగితం తక్కువైందో ఒకేసారి చెప్పకుండా, వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున చెబుతుంది. ఒక్క విషయంలో మాత్రం విశ్వవిద్యాలయానికి మినహాయింపు ఇద్దాం. గెజిటెడ్ అధికారి సంతకం కోసం ఎండలో తిరగక్కర్లేదు. వైస్ చాన్సలర్ గారు స్వయంగా ధ్రువీకరిస్తే చాలు, విద్యార్థులు నమ్ముతారు.